ఉప్పు చూడటానికి పోయిన ఆరుగురం

"రేపు నువ్వే అస్తవా?"

"రేపు నేను రాను పెద్దవ్వా. సిరిసిల్లల మా ఆడబిడ్డ మనుమరాలివి పుట్టెంటికలు తీసేది ఉన్నది. ఇంకొకామె అస్తది, కొత్తామె."

"గట్లనా. నేను మంచి ముసల్దాన్ని కానని ఆమెకు ముందుగాల్నే జెప్పు. తర్వాత ఏడ్వద్దు."

"జెప్త తియ్."

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. 'తియ్' అని చాట చంకలో పెట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను. నాలుగు రోజుల తర్వాత సిరిసిల్ల బస్సు దిగి కోరుట్లలో మా సందు మలుపు తిరిగేసరికి ఆ ఇంటి ముందు ఆమె మంచం కడిగి గోడకు నిలబెట్టి ఉంది. ఇంకొంచెం మంచి మాట ఏదైనా అని రావాల్సిందని కొన్నాళ్లు బాధపడ్డాను. ఇప్పుడు పడటం లేదు. మేమిద్దరం ఎన్నడూ మంచి మాటలు మాట్లాడుకున్న వాళ్లం కాదు. చివరి రోజున కొత్తగా మొదలుపెడితే ఇద్దరికీ అనుమానం వచ్చేది.

ఆ కాలంలో నాకు అలుపు అంటే ఏమిటో తెలియదని చెప్పుకోవాలని ఉంది గానీ అది అబద్ధం. అప్పుడూ అలసటే, ఇప్పుడూ అలసటే. అప్పటి అలసటకు ముప్పై ఏళ్లు, దానికి కోపం ఎక్కువ. ఇప్పటి అలసటకు యాభై దాటాయి, దీనికి మోకాళ్ల నొప్పులు ఎక్కువ, కోపం చేసే ఓపిక లేదు కాబట్టి నవ్వుతుంది. నన్ను సిరిసిల్లకు ఇచ్చారు. మా ఆయన మరమగ్గాల మీద పని చేసేవాడు, అక్కడ వాటిని సాంచెలు అంటారు. ఆ సాంచెల చప్పుడులో పదేళ్లు అరిచి అరిచి మాట్లాడితే నా గొంతు గరుకు కాగితంలా తయారైంది. ఆయన ఊపిరితిత్తుల రోగంతో పోయాడు, గొంతు మాత్రం నాకు మిగిలింది. నేను గుసగుసగా చెప్పిన రహస్యం మూడిళ్ల అవతల వినిపిస్తుంది. ఆయన పోయాక కోరుట్లకు, మా అవ్వగారింటికి, అంటే పుట్టింటికి తిరిగి వచ్చాను. (ఇదంతా రాస్తున్నది నా చెల్లెలి కూతురు. జగిత్యాలలో డిగ్రీ చదువుతోంది. నేను సంతకం వరకే నేర్చుకున్నదాన్ని. నేను 'అచ్చిండు' అంటే తను 'వచ్చాడు' అని రాస్తుందట, పుస్తకంలో అట్లా ఉంటేనే బాగుంటుందట. సరే, రాసుకోనీ. మనుషులు నోటితో అన్న మాటలు మాత్రం మార్చొద్దని చేతిలో చెయ్యి వేయించుకున్నాను.)

మా సందులో అందరం బీడీలు చేసేవాళ్లమే. ఒడిలో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారపు ఉండ. పొద్దంతా చేతులు వాటి పని అవి చేసుకుంటూ పోతాయి. నోరూ కళ్లూ ఖాళీగా ఉంటాయి. ఖాళీగా ఉన్న వీటితో ఏదైనా పనికొచ్చే పని చేయించాలని మా మహిళా సంఘం లీడరుకు తోచింది. (ఆమెను అందరూ లీడరక్క అనే పిలిచేవారు, ఆమె మొగుడితో సహా.) రెండు పనులు పెట్టుకున్నాం. ఒకటి, మంచం దిగలేని ముసలివాళ్ల ఇళ్లకు వంతుల ప్రకారం పోయి వేళకు తిండి పెట్టడం, గోలీలు వేయడం, పక్క బట్టలు మార్చడం. అప్పటికి అందరి చేతుల్లో ఫోన్లు లేవు కాబట్టి ప్రతి ముసలి మనిషి మంచం పక్కన ఒక స్టీలు పళ్లెం, ఒక గంటె (గరిటె) పెట్టాం. ఏదైనా ఆపద వస్తే గంటెతో పళ్లెం మీద కొట్టాలి. ఎవరి చెవిన పడితే వాళ్లు పరుగెత్తాలి. రెండోది, ఏ ఇంట్లో మొగవాడు పెళ్లాం మీదనో తల్లి మీదనో చెయ్యి చేసుకుంటాడో ఆ ఇంటి గద్దె మీద, అంటే వీధి అరుగు మీద, మా చాటలు పెట్టుకుని కూర్చోవడం. తిట్లు లేవు, పంచాయితీ లేదు. నోరు తెరవకుండా అతని గుమ్మం ముందు వరసగా కూర్చుని బీడీలు చేస్తాం, అంతే. దీన్ని చాట పెట్టడం అనేవాళ్లం. ఫలానా ఇంటికి చాట పెట్టారట అనే మాట బయటికి పోతే ఆ మనిషి కల్లు దుకాణంలో కూడా తల ఎత్తేవాడు కాదు.

జగిత్యాల నుంచి ఒక మేడం వచ్చి మా పని చూసి మెచ్చుకుని, "మీరంతా వాలంటీర్లు" అంది. అంటే ఏమిటని అడిగాం. జీతం లేకుండా నలుగురి కోసం పని చేసేవాళ్లట. "గట్లయితె నేను పెండ్లయిన కాన్నుంచి వాలంటీర్నే మేడం" అంది లీడరక్క.

నా వంతుకు వచ్చిన ముసలామెను పళ్లెమవ్వ అని పిలిచేవాళ్లం. ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్తాను. తుంటి ఎముక విరిగి రెండేళ్ల నుంచి మంచంలోనే ఉంది. బీపీ ఉంది, షుగరు ఉంది, వీటన్నిటికంటే ముందు నోరు ఉంది. కొడుకు మస్కట్‌లో ఆరేళ్లు పని చేసి తిరిగొచ్చాడు. సందులో అతని పేరే మస్కట్ అయిపోయింది. తల వంచుకుని నడిచేవాడు, ఆడవాళ్లందరినీ అక్కా, వదినా అని పిలిచేవాడు. పొద్దుగూకే వేళకు కల్లు తాగి వచ్చేవాడు గానీ, మా దగ్గర కల్లు తాగడాన్ని ఎవరూ తప్పుల లెక్కలో వేయరు. కోడలిది ఎల్లారెడ్డిపేట దిక్కు పల్లె. పసుపు కొమ్ములు ఏరే కూలికి పోయి చీకటి పడే వేళకు పచ్చటి చేతులతో వచ్చేది. ముసలామె షుగరు గోలీకి ముందు తినాలి కాబట్టి సాయంత్రం తిండి మా సంఘం పెట్టాలని అనుకున్నాం. బీపీ మనిషికి ఉప్పు సగమే వేయాలని దవాఖాన నర్సమ్మ గట్టిగా చెప్పింది.

మొదటి వారం దీపాలు పెట్టే వేళకు పళ్లెం మోగింది. ఎట్లా మోగింది అనుకున్నారు, ఇల్లు కాలిపోతున్నట్టు. ఆరుగురం పరుగెత్తాం. ఒకామె తలకు సగం నూనె రాసుకుని, ఒకామె పిండి చేతులతో, లీడరక్క చాట చంకలో పెట్టుకుని, ఆమె వెనకాల తునికాకు ముక్కలు రాలుతూ. వగరుస్తూ లోపలికి పోతే పళ్లెమవ్వ గోడకు ఆనుకుని తీరిగ్గా కూర్చుని ఉంది.

"ఏమైంది పెద్దవ్వా?"

"కూరల ఉప్పు లేదు."

పిండి చేతులామె, "గిందుకా?" అంది.

"నీకు గిందుకే. తినేది నేను."

సరే అని ఒక్కొక్కరం రుచి చూశాం. అదే మా తప్పు. ఆరుగురు ఆడవాళ్లు ఒకే కూర రుచి చూస్తే ఆరు మాటలు వస్తాయి. సరిపోయిందని ఇద్దరు, కొంచెం తక్కువేనని ఇద్దరు, ఉప్పు కాదు కారం ఎక్కువైందని ఒకామె, అసలు బీరకాయే చేదని ఇంకొకామె. ఉప్పు వేద్దామంటే నర్సమ్మ తిడుతుంది. చివరికి పళ్లెమవ్వే తీర్పు చెప్పింది: "పచ్చిపులుసు చెయ్యిండ్రి. పులుపుతోని సరిపెట్టుకుంట." చింతపండు నానబెట్టి, ఉల్లిగడ్డ కోసి, పచ్చిపులుసు చేసి, తినిపించి బయటికి వచ్చేసరికి గంటకు పైనే పట్టింది. అప్పటికి మస్కట్ వచ్చి, ఇంటి నిండా ఆడవాళ్లను చూసి ఒక మూలకు ఒదిగి కూర్చుని, కునుకు తీసి, లేచి, తిని పడుకున్నాడు కూడా. "పాపం, ఎంత నెమ్మదైన పిల్లగాడు" అనుకుంటూ ఇళ్లకు వచ్చాం.

మర్నాడూ అదే వేళకు మోగింది. ఆ మర్నాడూ మోగింది. ఒకరోజు ఉప్పు, ఒకరోజు అన్నం పలుకు, ఒకరోజు మళ్లీ ఉప్పు. పళ్లెమవ్వ అనే పేరు అప్పుడు వచ్చింది. నెల తిరిగేసరికి నాకు సందులో మొహం లేకుండా పోయింది, ఎందుకంటే వండేది నేను. "ఏందే, సిరిసిల్లల సాంచెల మీద వండేదానివా?" అని ఒకామె. "ఉప్పు డబ్బ అత్తగారింట్లనే మర్చిపోయి అచ్చినట్టున్నది" అని ఇంకొకామె. మొగుడు పోయిన బాధను ఏదో రకంగా మింగాను గానీ వంట రాదన్న మాటను మింగలేకపోయాను.

ఒకరోజు చేయకూడని పని చేశాను. పప్పు దించే ముందు ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి ఒక పిడికెడు వేశాను. కోపం తగ్గలేదు, ఇంకో పిడికెడు వేశాను. బీపీ సంగతి గుర్తు రాలేదు. నిజం చెప్తే వచ్చింది, ఒక్క బుక్కతో ఏమవుతుందిలే అనుకున్నాను. పళ్లెంలో వడ్డించి ఎదురుగా కూర్చున్నాను. కోడలు అప్పుడే కూలి నుంచి వచ్చి పొయ్యి దగ్గర నిలబడి ఉంది. పళ్లెమవ్వ ఒక బుక్క కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మెడ నరాలు బిగుసుకున్నాయి. మింగింది. నా మొహం చూసింది.

"ఉప్పు తక్కువైంది" అంది. అని గంటె కోసం చెయ్యి చాపింది.

నేను ఆ పప్పు వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. పెరట్లోకి పరుగెత్తి ఊసి, మూడు చెంబుల నీళ్లతో పుక్కిలించాను. వచ్చి ఆ పప్పంతా పారబోశాను. నా కోపం పోయింది, దాని చోట జాలి వచ్చి కూర్చుంది. అయ్యో, ఈమె నాలుక చచ్చిపోయింది, తెలియక మనం ఈమెను తిట్టుకుంటున్నాం అనుకున్నాను. ఆ ఇంట్లో ఆ వేళకు కోడలి చూపు ఎప్పుడూ గుమ్మం మీదే ఉండేదని ఇప్పుడు గుర్తొస్తుంది. అప్పుడు నేను నాలుక గురించి ఆలోచిస్తున్నాను.

మర్నాడు బీడీల పని మానుకుని జగిత్యాల బస్సెక్కాను. కొండగట్టు గుడికి పోయేవాళ్లతో బస్సు నిండిపోయి, ఎవరిదో కొబ్బరికాయల సంచి నా పాదాల మీద పెట్టుకుని దారంతా నిలబడే పోయాను. దవాఖానలో చీటి తీసుకుని లైనులో నిలబడి డాక్టరు ముందుకు వచ్చేసరికి మధ్యాహ్నమైంది.

"ఎవరికి బాగలేదమ్మా?" అన్నాడాయన.

"మా పెద్దవ్వకు సార్."

"ఏదీ, ఎక్కడ?"

"కోరుట్లల ఉన్నది సార్, మంచంల."

"మరి నువ్వెందుకొచ్చినవ్?"

"నాలిక చూపిద్దామని."

"ఏదీ, నాలుక చాపు."

"నాది గాదు సార్, ఆమెది."

"ఆమె నాలుక ఎక్కడుంది?"

"అది గూడ కోరుట్లల్నే ఉన్నది."

నా గొంతు సంగతి చెప్పాను కదా. నా వెనక లైను మొత్తం నవ్వింది, సూది వేయించుకుని ఏడుస్తున్న ఒకాయన కూడా నవ్వాడు. డాక్టరు పెన్ను పక్కన పెట్టి, వయసు మీద పడితే కొందరికి రుచి తెలియడం తగ్గుతుంది, అయినా మనిషిని చూడకుండా నేనేమీ చెప్పలేను అన్నాడు. (మొదటి సగం మాత్రమే నా చెవికి ఎక్కింది.) ఎంత ఉప్పు వేస్తే తెలియలేదని అడిగితే రెండు పిడికిళ్లు మూసి చూపించాను. ఆయన లేచి నిలబడ్డాడు. ఆయన అన్న మాటలు రాయొద్దని మా పిల్లకు చెప్పాను. తలుపు దాకా వచ్చి మరీ అన్నాడు.

సాయంత్రం సంఘం కూర్చుంది. నేను నిలబడి, జగిత్యాలలో డాక్టరే చెప్పాడు, పళ్లెమవ్వ నాలుక చచ్చిపోయింది, ఆమెకు ఇక ఎంత వేసినా తక్కువే, పళ్లెం మోగితే పోవాల్సిన పని లేదు అని చెప్పాను. లీడరక్క ఒకటికి రెండుసార్లు అడిగింది, "సక్కగ జెప్పు, డాక్టరు గట్లనే అన్నడా?" గట్లనే అన్నాడన్నాను. అందరికీ ప్రాణం హాయిగా ఉంది. ఇక నాలుగు గంటలకే తిండి పెట్టి వచ్చేయాలని, దీపాల వేళ పళ్లెం మోగినా ఎవరూ లేవకూడదని తీర్మానం చేశాం. నా వంట మీద పడ్డ మచ్చ పోయిందని ఆ పూట రెండు గ్లాసుల చాయ్ ఎక్కువ తాగాను.

మర్నాడు దీపాల వేళ పళ్లెం మోగింది. నేను మా గద్దె మీద చాట పెట్టుకుని కూర్చున్నాను. పక్కింటి వదిన తన గుమ్మంలో నిలబడి, "పోదామా?" అంది.

"ఎందుకు, సచ్చిన నాలికకు దినం జెయ్యనీకా?" అన్నాను.

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. పళ్లెం మోగుతూనే ఉంది. నేను ఆకు మడిచి, తంబాకు నింపి, దారం చుట్టి, ఒక్కొక్క బీడీ పక్కన పెడుతున్నాను. పదో బీడీ దగ్గర చప్పుడు ఇంకా ఎక్కువైంది. పదిహేనో బీడీ దగ్గర ఏదో విసిరేసినట్టు పెద్ద చప్పుడయి ఆగిపోయింది. "చూసినవా వదినె, గిట్ల పట్టించుకోకుంటె ఆమెకే అలవాటైతది" అన్నాను. ఆ మాట నాకు ఇప్పటికీ నా గొంతులోనే వినిపిస్తుంది. మూడిళ్ల అవతల దాకా పోయే గొంతు కదా, ఆ ఇంటి దాకా కూడా పోయే ఉంటుంది.

పొద్దున పక్క బట్టలు మార్చడానికి పోయాను. కోడలు కూలికి పోలేదు. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉంది. కుడి మణికట్టుకు పసుపు పట్టించి తడి గుడ్డ చుట్టుకుంది. పై పెదవి వాచింది. స్టీలు పళ్లెం గోడ మూలన అంచు వంగి పడి ఉంది. పళ్లెమవ్వ గోడ దిక్కు తిరిగి పడుకుంది.

"నిన్న రాకపోతివి" అంది, నా దిక్కు తిరగకుండానే.

"ఉప్పు కోసమే గద పెద్దవ్వా..."

"ఉప్పెవనికి గావాలె? గీ వయసుల నాకు ఉప్పెందుకు, కారమెందుకు? ఇంట్ల మంది ఉంటె వాడు పిల్లిలెక్క ఉంటడు. కల్లు దిగెదాక ఒక్క గంటసేపు మీరుంటె సాలు, తర్వాత తిని పంటడు. మిమ్ముల పిలువనీకి నాకు దొరికింది గా ఉప్పొక్కటే."

"కొడుతున్నడని ఒక్క మాట జెప్తె గద్దె మీద చాట వెడ్తుంటిమి గద!"

"నా కొడుకని ఎట్ల జెప్పుత?"

పొయ్యి దగ్గరి నుంచి కోడలు అంది, "నేనే జెప్పద్దన్న అక్కా. చాట వెడితె ఊరంత తెలుస్తది. మా అన్నలు అచ్చి నన్ను తోల్కపోతరు. నేను పోతె గీమెను ఎవలు లేపుతరు, ఎవలు పండవెడ్తరు?"

కొడుకని అత్త చెప్పలేదు, అత్త ఒంటరిదవుతుందని కోడలు చెప్పలేదు. నడుమ నేను నాలుక పట్టుకుని జగిత్యాల పోయి వచ్చాను. గోడ మూలన ఉన్న పళ్లెం తీసి వంగిన అంచు సరిచేయబోయాను.

"వాని మీదికి ఇసిరిన. తాకలె" అంది పళ్లెమవ్వ. "మంచంల పన్నదాని చెయ్యి ఎంత దూరం పోతది?" మళ్లీ అంది, "గా దినం గంత ఉప్పేసినవేందే పొల్లా? పేగులు గూడ మండినయి. పదేండ్లు సంసారం జేసి గిదేనా నేర్సుకున్నది అనుకున్న."

తప్పయిందని చెప్పే మాటలు మా సందులో పెద్దగా వాడుకలో లేవు. నీళ్లు కాచి ఇద్దరికీ ఒళ్లు తుడిచి, కోడలి చేతికి గుడ్డ మార్చి, లీడరక్క ఇంటికి పోయాను. ఎవరికీ వినబడకుండా చెవిలో చెప్పాను. నేను చెప్పి పూర్తి చేసేసరికి మిగతా నలుగురూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. (దేవుడిచ్చిన గొంతు ఒక్కోసారి పనికొస్తుంది.) లీడరక్క నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు. ఐదు బీడీలు చుట్టింది. చివరికి, "గద్దె మీద చాట వద్దన్నది గద. మంచిది. ఇంట్ల వెడదం" అంది.

ఆ సాయంత్రం పళ్లెం మోగక ముందే ఆరుగురం చాటలతో పోయి లోపలి గదిలో గోడ పొడుగునా కూర్చున్నాం. కోడలు పొయ్యి ముందు నుంచి లేచి అత్త మంచం పట్టె మీద కూర్చుంది. మస్కట్ వచ్చాడు. గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి ఆగిపోయాడు.

"ఏందక్కా, గిందరు అచ్చిండ్రు?"

"ఉప్పు చూడనీకి అచ్చినం తమ్మీ" అంది లీడరక్క, చేతిలో పని ఆపకుండా. "మీ అమ్మకు దినాం తక్కువైతుందట. మాకు తెలుస్తలేదు. నువ్వు జూసి జెప్పు." అని గంటె అతని చేతికిచ్చింది.

అతను గిన్నెలో ముంచి నాలుకకు తగిలించి, "సరిపోయింది" అన్నాడు.

"తక్కువున్నది" అంది మంచం మీది నుంచి పళ్లెమవ్వ.

"ఇంకోపారి జూడు తమ్మీ, మంచిగ."

ఐదుసార్లు చూశాడు. మేము ఆరుగురం బీడీలు చుడుతూ అతని మొహమే చూస్తున్నాం. ఐదోసారి గంటె గిన్నెలోనే వదిలేశాడు. అప్పుడు లీడరక్క కోడలి మణికట్టు దిక్కు చూసింది. చూసి, అంతే నెమ్మదిగా అంది, "గామె చెయ్యి బాగయ్యేదాక వంట నువ్వు జెయ్యి. ఉప్పు మేం జూస్తం."

మస్కట్ కింద కూర్చున్నాడు. "ఎన్ని దినాలక్కా గిట్ల?" అన్నాడు.

"నీ చెయ్యి ముసల్దయ్యేదాక" అంది లీడరక్క.

ఆ మర్నాటి నుంచి దీపాల వేళ మా బీడీల పని ఆ ఇంట్లోనే. వారం రోజులు మాడిన కూర తింటామనుకున్నాం. ఏం కథ, అతను వండిన కోడిగుడ్డు పులుసు తిని మేం ఆరుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మస్కట్‌లో పన్నెండు మంది ఉండే రూములో ఆరేళ్లు వంట చేసింది ఇతనేనట. ఇంటికొచ్చాక ఎవరికీ చెప్పలేదు. "గింత వంట అచ్చి పెండ్లాన్ని పొయ్యి కాడ ఊదవెట్టినవారా?" అని పళ్లెమవ్వ మంచంలోంచి తిట్టింది, తిట్టి కూడా ఉప్పు తక్కువే అంది. కోడలి చెయ్యి బాగయ్యాక కూడా వంట అతనిదే అయింది, మేం వద్దనలేదు.

అతను మారాడా అని అడిగితే నాకు తెలియదు. చెయ్యి లేపలేదు, అంత వరకే చెప్పగలను. ప్రతి పొద్దునా కోడలిని పక్కకు పిలిచి అడిగేదాన్ని. ఒకసారి కోపం ఆపుకోలేక గోడను గుద్దాడని చెప్పింది. "గోడకు పసుపు వెట్టినవా?" అన్నాను. ఆ పిల్ల అన్ని నెలల్లో పెద్దగా నవ్వడం అదే మొదలు. రెండేళ్లు అట్లా పోయాం. వానలో పోయాం, జ్వరాలతో పోయాం, ఒకరు రాకపోతే వాళ్ల చోట ఇంకొకరు. నలుగురికి మంచి చేస్తున్నామన్న గొప్ప ఏదీ లేదు, నిజంగా విసుగే. ఇంకా ఎన్నాళ్లు ఈ ఉప్పు అని ప్రతి సాయంత్రం అనుకుంటూనే చాట ఎత్తుకునేదాన్ని.

తర్వాత ఆ సిరిసిల్ల ప్రయాణం వచ్చింది, నేను లేని నాలుగు రోజుల్లో పళ్లెమవ్వ పోయింది. దినకర్మలు అయిపోయాయి. ఆ మర్నాడు దీపాల వేళకు ఆరుగురం సందు మొదట్లో నిలబడి ఒకరి దిక్కు ఒకరం చూసుకున్నాం. ఇక పిలిచే మనిషి లేదు. ఉప్పు తక్కువైందని అనే మనిషి లేదు. ఏం సాకు మీద ఆ గుమ్మం ఎక్కాలి? ఎక్కకపోతే ఆ పిల్ల గతి ఏమిటి? మెల్లగా పోయి గుమ్మం ముందు ఆగాం. కోడలు లోపల్నుంచి చూసింది. మస్కట్ తల గొరిగించుకుని, పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. అతను కూర గిన్నె, గంటె తీసుకుని గుమ్మం దాకా వచ్చి, తల వంచుకునే గంటె లీడరక్క చేతిలో పెట్టాడు.

"ఉప్పు జూడుండ్రి అక్కా" అన్నాడు.

ఇప్పుడు మా సంఘంలో కొత్త పిల్లలు వచ్చారు. అందరి చేతుల్లో ఫోన్లు, ఫోన్లలో గ్రూపులు. పళ్లేలు పోయాయి, ముసలివాళ్లు మిస్డ్ కాల్ ఇస్తున్నారు. మొన్న ఒక పిల్ల వచ్చి నా ముందు కూలబడి, "పెద్దమ్మా, గా ముసలాయనతోని నా వశమైతలేదు. ఊకె ఫోన్ జేస్తడు. పోతె ఫ్యాన్ తిరుగుతలేదంటడు, జూస్తె తిరుగుతనే ఉంటది" అని మొత్తుకుంది. "ఏ యాళ్లకు జేస్తడు బిడ్డా, దినాం గదే యాళ్లకా?" అని అడిగాను. అది తప్ప ఏమీ అడగలేదు. ఆ పిల్ల చెప్పబోయి ఆగింది. లేచి, చెప్పులు వేసుకుని ఆ ముసలాయన ఇంటి దిక్కు పోయింది.

మోకాళ్లు సహకరించక నేను పోలేదు. గోడకు ఆనుకుని అట్లాగే కూర్చుంటే, కొబ్బరికాయల సంచి పాదాల మీద పెట్టుకుని వేరే మనిషి నాలుక చూపించడానికి బస్సులో నిలబడి పోతున్న ఒక ముప్పై ఏళ్ల ఆడది కనిపించింది. ఎంత ధీమాగా నిలబడి ఉందో. దిగి వెనక్కి పొమ్మని అరవాలనిపించింది. ఈ గొంతుతో అరిచినా దానికి వినపడదు, అప్పట్లో అది ఎవరి మాటా వినేది కాదు. పోనీలే, దానికి అన్నీ తెలిసి ఉంటే ఆ రోజు ఇంట్లో కూర్చునేదేమో. తిట్టాలని మొదలుపెట్టిన దాన్ని, నవ్వొచ్చి ఊరుకున్నాను.

ఇంక చాలు, నా గొంతు పోయింది, నీ చెయ్యి కూడా నొస్తున్నట్టుంది. నన్ను మరీ తెలివితక్కువదాన్ని చేసి రాసినవో, లేకుంటే లేని మంచితనం తగిలించినవో, నాకేం తెలుస్తుంది. ఏదీ బిడ్డా, మొదటి నుంచి ఒకసారి చదువు, వింట.